ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విత్తనం: ఎండాకు తెగులు వరకు భరోసా

ఖరీఫ్‌లో ఈదురుగాలితో కూడిన వాన కురిసి వెలిసిన తర్వాత బీపీటీ 5204 (మామూలు సాంబ మసూరి) మడిలో ఆకు కొనల నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు దిగుతుంటే, అవే ఎరువులు, అదే నీరు అందుకున్న పక్క మడిలోని ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పచ్చగా నిలబడుతుంది. బాక్టీరియా ఎండాకు తెగులుకు నమ్మదగిన మందు లేదు కనుక ఈ ఒక్క గుణానికే ఈ విత్తనం కొనదగినది.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన ఈ రకం 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. నిరోధక జన్యువులున్న వరితో సాంబ మసూరిని సంకరపరచి, వచ్చిన సంతతిని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ కావలసిన జన్యువులున్న మొక్కలను డీఎన్ఏ మార్కర్లతో (జన్యువు ఉందో లేదో తెలిపే గుర్తులతో) ఏరుకున్నారు. అందుకే గింజ సన్నదనం, అన్నం తీరు చెడలేదు. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దరిదాపుల్లో ఉండడం అదనపు లాభం.

మెచ్చుకోవలసింది ఇందులోని మూడు నిరోధక జన్యువుల ఎంపికను. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ21 బాక్టీరియా జాడను కణం ఉపరితలం మీదే పసిగట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది కానీ, లేత దశలో దాని బలం తక్కువ. ఎక్స్‌ఏ13 పనితీరు పూర్తిగా వేరు: బాక్టీరియా తన ప్రోటీన్‌ను మొక్క కణంలోకి పంపి చక్కెరను బయటికి వదిలించే జన్యువును మేల్కొల్పుకుంటుంది; ఎక్స్‌ఏ13లో ఆ ప్రోటీన్ అతుక్కోవలసిన చోటే మారిపోయి ఉండడంతో బాక్టీరియాకు తిండి దొరకదు. బాక్టీరియా వాడుకునే మొక్క యంత్రాంగంలోనే చిన్న మార్పు ఎక్స్‌ఏ5. ఈ మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం బాక్టీరియాకు కష్టం.

అయితే ఈ రకం అన్ని తెగుళ్లనూ తట్టుకుంటుందని చెప్పి అమ్మే దుకాణదారులున్నారు. ఆ మాట నమ్మకూడదు. అగ్గితెగులు, మెడవిరుపు దీనికీ సోకుతాయి, ఈ మూడు జన్యువులకూ వాటితో సంబంధం లేదు. ఆకు ఎండగానే విత్తనాన్ని నిందించే ముందు, ఆ ఆకును కోసి గ్లాసు నీటిలో నిలబెట్టి చూడాలి: ఎండాకు తెగులైతే కోత దగ్గర నుంచి పాలవంటి ద్రవం దారంలా దిగుతుంది. అది కనిపించకపోతే కారణం మరొకటి.

హైబ్రిడ్ కాదు కనుక సొంత విత్తనం కట్టుకోవచ్చు. కాకపోతే ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అంతర్గత (రిసెసివ్) జన్యువులు, మొక్కలో వాటి రెండు ప్రతులూ ఉంటేనే పనిచేస్తాయి. పైగా గింజ చూడడానికి బీపీటీలాగే ఉంటుంది. కోత, నూర్పిడి, నిల్వ వేరుగా జరగకపోతే కల్తీని కంటితో పట్టుకోవడం సాధ్యం కాదు.