ఇంట్లో డ్రమ్స్ రికార్డింగ్: రికార్డరా, ల్యాప్‌టాపా?

నల్గొండలో మాది స్లాబ్ ఇల్లు, కింద షాబాద్ బండలు. ఆ గదిలో స్నేర్ (టకటకమనే చిన్న డ్రమ్) మీద ఒక్క దెబ్బ వేస్తే నాలుగు గోడలూ తిరిగి వాయిస్తాయి. అందుకే ఏ మెషీన్ కొనాలన్నా ముందు గోడలకు బొంతలు వేలాడదీయండి, కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్‌లో ఒక దిండు పెట్టండి. దాని తర్వాతే మిగతా మాట.

నా దగ్గర రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి జూమ్ ఆర్16 మల్టీట్రాక్ రికార్డర్. రెండోది ల్యాప్‌టాప్, దానికి తగిలించే బెహ్రింగర్ యూఎమ్‌సీ1820 ఇంటర్‌ఫేస్, అంటే మైకుల శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె. ఎనిమిది మైకులను ఒకేసారి వేర్వేరు ట్రాకుల్లో పట్టుకోవడం రెండింటికీ వచ్చు. కిక్, స్నేర్, మూడు టామ్స్ (మధ్య సైజు డ్రమ్స్), హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు), వీటికి తలా ఒకటి; మొత్తం సెట్ శబ్దం పట్టడానికి పైన రెండు ఓవర్‌హెడ్‌ మైకులు. లెక్క సరిపోయింది.

డ్రమ్స్ వాయించేదీ నేనే, రికార్డ్ బటన్ నొక్కేదీ నేనే. ఇక్కడే రికార్డర్ నా మనసు గెలిచింది. స్టూల్ పక్కన పెట్టుకుంటాను, స్టిక్ చేతిలో ఉండగానే వేలితో నొక్కేస్తాను. ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా టేక్ (ఆ విడత రికార్డింగ్) పోదు. ఫ్యాన్ చప్పుడు లేదు. ల్యాప్‌టాప్ అయితే ఓసారి మంచి టేక్ మధ్యలో అప్‌డేట్ అంటూ ఆగిపోయింది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

మెమరీ కార్డుకూ ఢోకా లేదు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఒక్కో ట్రాకు నిమిషానికి దాదాపు 8 ఎంబీ తీసుకుంటుంది. అంటే ఎనిమిది ట్రాకులతో వాయించినా 32 జీబీ కార్డు ఎనిమిది గంటల దాకా వస్తుంది.

లోపం లేదని కాదు. ఆర్16లో ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైకుకు అందే కరెంటు) రెండు ఛానళ్లకే, 5కీ 6కీ. ఆ కరెంటు లేనిదే పనిచేయని ఓవర్‌హెడ్ కండెన్సర్ మైకులు రెండూ వాటికే పెట్టాలి, మూడోది కావాలంటే కుదరదు. ఇంటర్‌ఫేస్‌లో ఎనిమిదింటికీ ఉంది. ఆర్16 తెర కూడా బుల్లిది, శబ్దపు వేవ్ బొమ్మ కనిపించదు. స్నేర్ దెబ్బ కాస్త వెనకబడితే ముందుకు జరపడం, కిక్ మైకు ఫేజ్ (దాని శబ్దతరంగం మిగతా మైకులతో కలిసి నడుస్తోందా, ఎదురు నడుస్తోందా అన్నది) సరిచూడడం ల్యాప్‌టాప్‌లో నిమిషం పని. రికార్డర్‌లో ఆ పని పెట్టుకోకపోవడమే నయం. నేను కార్డు తీసి, ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో వేసుకుని మిక్స్ చేస్తాను. పైగా ఈ రికార్డర్‌నే యూఎస్‌బీతో కలిపితే ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ అవుతుంది.

ఇప్పటికే మంచి ల్యాప్‌టాప్ ఉండి, పక్కన కూర్చుని చూసుకునే మనిషి కూడా ఉంటే ఇంటర్‌ఫేసే కొనండి. ఒంటరిగా వాయించేవాళ్లకు మాత్రం రికార్డరే నా ఓటు.

డప్పుకైతే ఎనిమిది దండగ, రెండు మైకులు చాలు: ముందు ఒకటి, వెనక ఒకటి. వెనక మైకు ఫేజ్ తిప్పాలి, లేకపోతే లోతైన బేస్ శబ్దం మాయమవుతుంది. కానీ డప్పును సెగకు కాచి తెచ్చాక ఎక్కువసేపు ఆగదు. చర్మం చల్లారితే మళ్లీ మంట దగ్గరికే. ల్యాప్‌టాప్ తెరుచుకుని, ఇంటర్‌ఫేస్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరికి, మైకుల లెవెల్ పెట్టేసరికి రెండుసార్లు కాచాల్సి వచ్చింది. ఇప్పుడు రికార్డర్‌నే పెరట్లోకి, మంట పక్కకి తీసుకుపోతున్నాను.