ఐనేచురలిస్ట్ యాప్: పేరు విషయంలో తొందరపడదు, అదే నాకు నచ్చింది

రెండేళ్లుగా ఐనేచురలిస్ట్ వాడుతున్నాను. పిట్ట, పాము, చేప, ఏది కనిపించినా ఫొటో పెడితే మామూలు పేరూ శాస్త్రీయ నామమూ రెండూ చూపిస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి యాప్‌లు ఇంకా ఉన్నాయి గానీ నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక పాము.

అప్పట్లో నా దగ్గర బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో కట్లపాము అని వేసిన ఫొటో చూసి, ఒంటి మీద తెల్లపట్టీలున్న ప్రతి పామూ కట్లపామే అనుకునేదాన్ని. ఒకసారి దూరం నుంచి తీసిన ఫొటోను ఆ పేరుతోనే యాప్‌లో పెడితే, గంట తిరక్కముందే యాప్ వాడేవాళ్లే ఇద్దరు వచ్చి కాదన్నారు. అది వుల్ఫ్ స్నేక్, లైకోడాన్ ఆలికస్, మనుషులకు దానితో ప్రమాదం లేదు. వాళ్లలో ఒకరు ఓపిగ్గా తేడా రాశారు. పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు పోయేకొద్దీ మాసిపోతే సాధారణంగా వుల్ఫ్ స్నేక్. మెడ దాటి కాస్త వెనక నుంచి సన్నగా, చాలాసార్లు జంటలుగా మొదలై తోకదాకా స్పష్టంగా ఉంటే కట్లపాము, బంగారస్ సెరూలియస్. దాని వెన్ను మీద మధ్య వరస పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఇదంతా చదివి మళ్లీ పుస్తకం తీస్తే, అందులో ఉన్నదీ వుల్ఫ్ స్నేకే! ఆ బొమ్మ చూసి ఎవరైనా విషమున్న అసలు కట్లపామును కట్లపాము కాదనుకుంటే ఏమవుతుందో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. పాము కరిస్తే మాత్రం ఏ యాప్ కోసమూ ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

యాప్ తనంతట తాను చెప్పేటప్పుడు కూడా తెగించి ఒకే పేరు అంటగట్టదు. ఫొటోలో ఆనవాళ్లు చాలకపోతే ఇది ఫలానా ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు) కావచ్చు అని అక్కడితో ఆగుతుంది, ఆపైన మనుషులు చూస్తారు. పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఒకే జాతి అంటేనే అది పరిశోధనకు పనికొచ్చే నమోదు అవుతుంది. మొదట్లో ఈ ఆలస్యం చిరాకు తెప్పించేది, ఇప్పుడు దానివల్లే నమ్మకం కుదిరింది. శాస్త్రీయ నామాలూ కదలకుండా ఉండవు మరి. బొచ్చె చేపను ఒకప్పుడు కట్లా కట్లా అనేవారు, ఇప్పుడు లేబియో కట్లా అంటున్నారు, అంటే శీలావతి చేప ఉన్న ప్రజాతిలోనే కలిపేశారన్నమాట.

ఇక తెలుగు పేర్లు. సెట్టింగ్స్‌లో తెలుగు ఎంచుకోవచ్చు, కానీ చాలా జీవులకు అక్కడ తెలుగు పేరు కనిపించదు, ఎందుకంటే ఆ పేర్లు చేర్చాల్సింది వాడేవాళ్లమే, మనం చేర్చలేదు. నిజంగా బాధేస్తుంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1796లోనే మన పాముల పేర్లు అడిగి తెలుసుకుని జెర్రిపోతు, కాటుక రేకుల పొడ అని తనకు వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అచ్చు వేయించాడు. ఆయన రాసిన బంగారు పాము అన్న పేరు నుంచే బంగారస్ అనే ప్రజాతి నామం పుట్టింది. ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో మన మాట ఉంది, మన భాష గడి మాత్రం ఖాళీ!

నేను కొన్ని చేర్చాను, మీరూ చేర్చండి. అయితే ఇంగ్లీషు పేరును మక్కికి మక్కి తెలుగు చేసి పెట్టకండి, జనం నోట్లో ఉన్న మాటే పెట్టండి. ఒకే మాట రెండు మూడు జాతులకు వాడుతుంటే అక్కడే జాగ్రత్త కావాలి. లకుముకి పిట్ట అనగానే మనకు అన్నీ ఒకటే, కానీ తెల్లరొమ్ముది హాల్సియాన్ స్మిర్నెన్సిస్, నలుపు తెలుపుల్లో ఉండి నీటిపైన గాల్లోనే నిలబడి రెక్కలాడించేది సెరైల్ రూడిస్, పిడికెడంత నీలిది ఆల్సిడో ఆథిస్. మూడింటికీ వేర్వేరు తెలుగు పేర్లు వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ముందు వాళ్లను అడిగి రాసుకోండి.

నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర.