బక్క ల్యాప్‌టాప్‌కి పెద్ద మానిటర్: కొనేముందు వైరు సంగతి చూడండి

ముందే చెప్పేస్తాను, మానిటర్ బ్రహ్మాండంగా ఉంది. డెల్ యూ2723క్యూఈ, 27 అంగుళాలు, 4కె. దానికి తగిలించింది ఆపిల్ వాళ్ల ఎం2 చిప్ ల్యాప్‌టాప్, మ్యాక్‌బుక్ ఎయిర్. 1.24 కిలోల బరువు, సంచిలో వేసుకుంటే ఉందో లేదో కూడా తెలియదు, ప్రయాణాలకి అంతకన్నా సుఖం లేదు. కానీ రోజంతా ఆ 13.6 అంగుళాల తెర మీద తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి.

ఎ4 పేజీ ఎత్తు 29.7 సెంటీమీటర్లు. ఎయిర్ తెర ఎత్తు 18 చిల్లర. అంటే పేజీని అసలు సైజులో చూడాలంటే సగం పైకి, సగం కిందికి జరుపుకుంటూ కూర్చోవాలి. ఈ మానిటర్ ఎత్తు 33 సెంటీమీటర్ల పైనే, వెడల్పు దాదాపు 60. ఎడమవైపు దిద్దిన పాత ప్రూఫు, కుడివైపు డీటీపీ వాళ్లు పంపిన కొత్త ప్రూఫు, రెండూ అసలు సైజులో పక్కపక్కనే పెట్టుకున్నా ఇంకా నిఘంటువుకో వాట్సాప్‌కో చోటు మిగులుతుంది. చెప్పిన తప్పు దిద్దారా, దిద్దబోయి పక్క లైను చెడగొట్టారా అన్నది కళ్లు అటూ ఇటూ తిప్పితే తెలిసిపోతోంది.

27 అంగుళాలకి ఫుల్ హెచ్‌డీ చాలదా, 4కె దేనికి అని అడిగేవాళ్లున్నారు. సినిమా చూడ్డానికి చాలు. తెలుగు అక్షరాలు చదవడానికి మాత్రం చాలదు. ఆ సైజు ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 82 చుక్కలే పడతాయి, 4కెలో 163. ‘ద’కి కింద చిన్న గీత పడితే ‘ధ’, లోపల చుక్క కూడా ఉంటే ‘థ’. ఒత్తులుగా వచ్చినప్పుడు ఇవి ఇంకా చిన్నవైపోతాయి. ‘అర్థం’ ఉండాల్సిన చోట ‘అర్ధం’ పడిందో లేదో ఫుల్ హెచ్‌డీ మీద ముక్కు తెరకి ఆనించినా అనుమానమే. ఇందులో కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నా కనిపిస్తుంది. పైగా మ్యాక్‌లో అక్షరాల అంచుల్ని రంగు చుక్కలతో నునుపు చేసే పద్ధతిని 2018లో మొహావి అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ వచ్చినప్పుడు పక్కన పెట్టేశారు, అందుకే మామూలు మానిటర్‌కి మ్యాక్ తగిలిస్తే విండోస్ కన్నా మసగ్గా అనిపిస్తుంది. మానిటర్ లోపమేమో అని తిరిగి ఇచ్చేసేవాళ్లు ఈ ముక్క తెలుసుకోవాలి.

ఇక వైరు. అసలు గొడవంతా ఇక్కడే. షాపులో మానిటర్ చూపించిన కుర్రాడు దాంతో పాటు ఒక టైప్-సీ నుంచి హెచ్‌డీఎమ్ఐ అడాప్టర్ కూడా అంటగట్టబోయాడు, ‘4కె సపోర్ట్ సార్’ అంటూ. డబ్బా ముందు 4కె అని పెద్దక్షరాలతో ఉంది, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 30 హెర్ట్జ్ అని ఉంది. అక్కడే పెట్టి చూపించమన్నాను. మౌస్ కదిపితే బాణం గుర్తు జారుతున్నట్టు కాదు, గెంతుతున్నట్టు ఉంది, పేజీ కిందికి లాగితే అక్షరాలు అలుక్కుపోయాయి. తెర మీద బొమ్మ సెకనుకి 30 సార్లే మారితే అంతే మరి. పాత హెచ్‌డీఎమ్ఐ 1.4 మీద 4కె అంతకి మించి రాదు, 2.0 అయితే 60 వస్తుంది. హెచ్‌డీఎమ్ఐ చెడ్డదని కాదు, కొనేటప్పుడు 4కె అన్న మాట పక్కన 60 ఉందో లేదో చూసుకోవాలి. ఆ షాపు వాళ్లకి ఈ తేడా తెలియదో, తెలిసీ అమ్ముతున్నారో మరి.

నాకు ఆ అడాప్టర్ అవసరమే పడలేదు. ఈ మానిటర్ డబ్బాలోనే టైప్-సీ వైరు వస్తుంది. ఆ ఒక్క వైరులోనే బొమ్మ వెళ్తుంది, ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ వస్తుంది, మానిటర్ వెనక గుచ్చిన కీబోర్డు, పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్ లాన్ వైరు అన్నీ పనిచేస్తాయి. 90 వాట్ల దాకా ఇస్తుంది, ఎయిర్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు, కావలసినంతే తీసుకుంటుంది. ఊరు వెళ్లాలంటే ఒక్క వైరు పీకి బయల్దేరడమే, చార్జర్ బ్యాగులోంచి తీసే పనే లేదు. నేను ఎక్కువ డబ్బు పెట్టింది దీనికోసమే. ఫోను చార్జింగ్ వైరు కూడా ఇలాగే ఉంటుంది కదా అని అది గుచ్చకండి, చాలావాటిలో బొమ్మ మోసే తీగలే ఉండవు. చార్జింగ్ ఎక్కుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

మా దగ్గర ఎండాకాలం కరెంటు కోతలు మామూలే. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో మానిటర్ ఆరి మళ్లీ వెలుగుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం తన బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. చేసిన పని పోతుందన్న టెన్షన్ లేదు.

నచ్చనివీ ఉన్నాయి. స్పీకర్లు లేవు. ఈ ధరలో రెండు చిన్నవి పెడితే ఏం పోయింది? కీబోర్డు మీద వెలుతురు మీటలు నొక్కితే మానిటర్ వెలుగు మారదు, ‘మానిటర్ కంట్రోల్’ అని ఉచిత యాప్ ఉంది, అది వేసుకున్నాక దారికొచ్చింది. మొదట తగిలించగానే అక్షరాలు మరీ పెద్దగా కనిపిస్తాయి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి 2560-1440 ఎంచుకుంటే సరిపోతుంది. ఆ లెక్కలో మ్యాక్ 5120-2880 సైజులో బొమ్మ గీసి తర్వాత కుదిస్తుంది, దానివల్ల నా పనిలో నెమ్మదైంది ఏమీ లేదు. గేమ్స్ ఆడేవాళ్లకి మాత్రం 60 హెర్ట్జ్ చప్పగా ఉంటుంది.

రెండు మానిటర్లు పెట్టుకుందాం అనుకుంటే ఆగండి. ఎం1, ఎం2 ఎయిర్‌లు మామూలుగా బయటి తెర ఒక్కటే నడుపుతాయి. 2024లో వచ్చిన ఎం3లో మూత మూస్తే రెండు, 2025 ఎం4లో మూత తెరిచి ఉన్నా రెండు.

ధర మామూలు ఫుల్ హెచ్‌డీ 27 అంగుళాల మానిటర్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. రోజుకి గంటో రెండు గంటలో వాడేవాళ్లకి దండగ. అక్షరాలతో బతికేవాళ్లకి, లేదా పెద్ద ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టేవాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను, కొనుక్కోండి.

మీది విండోస్ ల్యాప్‌టాప్ అయితే ముందు పోర్టు పక్కన చూడండి, చివర బాణం మొన ఉన్న మెరుపు గుర్తో (థండర్‌బోల్ట్), డీ, పీ కలిపి రాసినట్టుండే గుర్తో (డిస్‌ప్లేపోర్ట్) ఉంటే బొమ్మ వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్లో చూసుకోవాల్సిందే. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి రెండు టైప్-సీ పోర్టులున్నా ఎడమవైపు దాంట్లోనే బొమ్మ వస్తుంది, కుడివైపుది ఉత్త చార్జింగ్‌కే.