బైకుకూ కారుకూ ఒకే జీపీఎస్: ఏడాది వాడాక చెప్తున్నా

నేను తిరుపతిలో మెడికల్ రెప్పుని. సోమవారం నుంచి శనివారం దాకా బుల్లెట్టు మీద పీలేరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదినీ కార్లో ఎక్కించుకుని కాణిపాకమో తలకోనో. రెంటికీ ఒకే పరికరం సరిపోతుందేమోనని పోయినేడు బైకుల కోసమే చేసిన జీపీఎస్ నావిగేటర్ కొన్నాను. ఈ తరహాలో గార్మిన్ జూమో, టామ్‌టామ్ రైడర్ అందరికీ తెలిసిన పేర్లు. నాది ఏ కంపెనీదో మాత్రం రాయను, మెచ్చుకోలుతో పాటు తిట్లూ ఉన్నాయి కాబట్టి. ఐదున్నర అంగుళాల తెర. బెంగళూరులో ఒకాయన వాడి అమ్మేస్తుంటే ఇరవై రెండు వేలకు తెచ్చుకున్నా.

"ఫోన్లో ఊరికే వచ్చేదానికి ఇరవై రెండు వేలా బావా?" అన్నాడు మా బామ్మర్ది. వాడికి బండి లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం పుత్తూరు నుంచి నగరికి ఫోను హ్యాండిల్‌కు తగిలించుకుని పోతే తెలుస్తుంది. పావుగంటకు తెర మసకేసింది. ఇంకో పావుగంటకు, చల్లబడేదాకా నన్ను ముట్టుకోవద్దన్నట్టు మెసేజ్ పెట్టి కూర్చుంది. వేడి సంగతి అటుంచితే అదురు ఇంకా పెద్ద సమస్య. ఫోన్ కెమెరాలో బొమ్మ కదలకుండా పట్టే సన్నటి ఏర్పాటు ఒకటి ఉంటుంది, మోటార్‌సైకిల్ ఇంజన్ అదురుకు అది దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ వాళ్లే హెచ్చరించారు. నా పాత ఫోనుతో ఇప్పుడు ఫొటో తీస్తే మనుషులకు పూనకం వచ్చినట్టుంటుంది.

ఈ పెట్టె తెర ఎండలో కనబడుతుంది, గ్లోవ్స్ తీయకుండానే నొక్కితే పలుకుతుంది. నీళ్ల విషయంలో ఐపీఎక్స్7 అని రాసి ఉందో లేదో చూసుకోండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా తట్టుకోవాలని దానర్థం. మన నవంబరు వానలకు అది చాలు.

దీని విలువ నాకు తెలిసింది భాకరాపేట ఘాట్‌లో. పీలేరులో డాక్టర్లను కలిసి తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. ఎదురుగా లారీ లైటు కళ్లల్లో కొడితే రోడ్డు అంచు ఎక్కడుందో కనబడి చావదు. తెర మీద మాత్రం ముందు వచ్చే మలుపు ఎటు, ఎంత వంపు అన్నది గీతలా కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి నడపకూడదు. కానీ గేరు ముందే తగ్గించుకోవచ్చు. తిరుమల ఘాట్‌లో దీంతో పని లేదు. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, తప్పిపోదామన్నా చోటు లేదు.

అడవిలో టవర్ లేకపోతే జీపీఎస్ పోతుందని చాలామంది అనుకుంటారు. టవర్‌తో దానికి సంబంధం లేదు. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల్లో నాలుగు కనబడితే చాలు, నువ్వెక్కడున్నావో లెక్క కట్టేస్తుంది. టవర్ పోతే పోయేది ఫోన్లోని మ్యాపు, ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే. పెట్టెలో మ్యాపంతా లోపలే ఉంటుంది. కాకపోతే పది రోజులు వాడకుండా పక్కన పెట్టి తీస్తే తొలిసారి ఉపగ్రహాలు పట్టడానికి కాస్త టైమడుగుతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్లో ఆన్ చేసి తిట్టుకోకండి, గేటు బయటికొచ్చి ఒక నిమిషం ఆగండి.

కొండల మధ్య సగం ఆకాశం మూసుకుపోతుంది కాబట్టి ఒక్క అమెరికా జీపీఎస్సే కాక రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాలను కూడా పట్టేది తీసుకోవడం మంచిది. నా దాంట్లో ఆ రెండూ ఉన్నాయి, మన దేశం సొంతంగా పెట్టుకున్న నావిక్ లేదు. 2023 మే 29న నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01ని పంపింది మా జిల్లాలోని శ్రీహరికోట నుంచే. రాకెట్ మా ఊరి పక్కన ఎగిరింది, సిగ్నల్ మాత్రం నా బండికి రాలేదు.

ఇక తిట్లు. కొన్న కొత్తలో తలకోన పోతూ ఎర్రావారిపాళెం దాటాక పెట్టె ఒక అడ్డదారి చూపించింది. దగ్గరే కదా అని తిప్పాను. రెండు కిలోమీటర్లకు తారు పోయింది, ఇంకొంచెం పోతే మట్టీ పోయి బురద మిగిలింది. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆపి, "యాడికి నాయనా? ముందర వంక పొర్లతా ఉండాది, మడుసులే దాటలేక ఉండారు" అన్నాడు. "ఇందులో రోడ్డు చూపిస్తా ఉంది తాతా" అంటే తెర వైపు ఒంగి చూసి, "దాంట్లో నీళ్లు చూపించలేదా?" అన్నాడు. సెట్టింగుల్లో మట్టి రోడ్లు వద్దు అని టిక్కు పెట్టుకోవాల్సింది నేనే. కొన్న రోజే ఆ పని చేయండి.

బిగింపు మీద ఇంకో దెబ్బ తిన్నాను. తిరుపతిలో ఒక ఎలక్ట్రీషియన్ వైరు నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. మూడో రోజు పొద్దున సెల్ఫ్ నొక్కితే టిక్కు టిక్కుమంది, అంతే. బండి ఆపినా మౌంటు రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంది. తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరుకు, మధ్యలో ఫ్యూజు వేసి కలపమని పక్కన నిలబడి చెప్పండి.

కార్లో? నిజం చెప్తే ఫోనే నయం. కారు మౌంటు విడిగా కొనాల్సొచ్చింది. దాని రబ్బరు కప్పు ఎండకు వదులై చంద్రగిరి దగ్గర మా ఆవిడ ఒళ్లో పడింది. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో ఫోను చెప్పినట్టు ఇది చెప్పదు. తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు మీద పోతుంటే లీలామహల్ దగ్గర ఎడమకు తిరగమంటుంది, గాల్లో యాడికి తిరిగేది? వంతెన మీదున్నామో కిందున్నామో దానికి తేడా తెలియదు, ఆ మాటకొస్తే ఫోనుకూ అప్పుడప్పుడూ తెలియదు. కానీ ఫోను తెలుగులో మాట్లాడుతుంది. ఇది శ్రీకాళహస్తిని "స్రికల హాస్టి" అంటే పిల్లలు మళ్లీ మళ్లీ అనిపించుకుని నవ్వుతారు.

అందుకే కార్లోంచి తీసేశాను. రోజూ బైకు మీద ఘాట్లు తిరిగేవాళ్లయితే కొనండి, వాడినదైనా పర్వాలేదు. మ్యాపు అప్‌డేట్ ఇంకా ఉచితంగా వస్తుందో లేదో మాత్రం అమ్మేవాడి ముందే కంప్యూటర్‌కు తగిలించి చూడండి. కారు కోసమే అయితే ఆ డబ్బుతో నాలుగు టైర్లు మార్చుకోవచ్చు.

టీ కొట్టు దగ్గర ఆపినా మౌంటు నుంచి పీకి శాంపిళ్ల బ్యాగులో వేసుకోవాలి. పలమనేరులో అట్లా పీకుతుంటే టీ పోసే కుర్రోడు అడిగాడు: "ఏం నా, టీవీని కూడా తెచ్చుకుంటావా?"