టాన్ బ్రౌన్ గ్రానైట్ వంటగట్టు: పదేళ్ల పైచిలుకు వాడకం తర్వాత

వంటింటి గట్టుకు ఏ గ్రానైట్ వేయించాలి అని అడిగేవాళ్లంతా ముందు రంగు గురించే మాట్లాడతారు. హన్మకొండలో మా ఇంట్లో ఒకే గట్టు మీద పదేళ్లకు పైగా మూడు పూటలా వండుతున్నాను కాబట్టి చెప్తున్నా, ఆ ధ్యాసలో సగం సింకు దగ్గరి పని మీద పెట్టండి. రాయికి ఏమీ కాదు. పాడయ్యేదల్లా అతుకు, అంచు, సింకు చుట్టూ ఉండే జానెడు జాగా.

మాది టాన్ బ్రౌన్. కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల్లో దొరికే రాయి, నలుపులో ఎర్రమట్టి రంగు గింజలు పెద్దపెద్దగా కనిపిస్తాయి చూడండి, అదే. ఈ బండలు చైనా దాకా ఎగుమతి అవుతాయి, మనకేమో పక్క జిల్లా నుంచి లారీలో వచ్చేస్తుంది, రవాణా ఖర్చు కలిసొస్తుంది. ఇన్నేళ్లలో పసుపు, కారం, మామిడికాయ తొక్కు కలిపేటప్పుడు ఒలికే నూనె, అన్నీ దీని మీదే పడ్డాయి, ఒక్క మరకా నిలవలేదు. లోపం ఒకటుంది. మురికి కూడా కనిపించదు. తుడిచిన తర్వాత అరచేత్తో రాసి చూస్తేగానీ చక్కెర పలుకులు, పిండి మిగిలాయని తెలియదు, లేదంటే పొద్దున్నే చీమలు వచ్చి చెప్తాయి. నేను రాత్రి పడుకునే ముందు లైటు వేసి, గట్టు ఎత్తుకు వంగి పక్క నుంచి చూస్తాను, ఆ మెరుపులో జిడ్డు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

మా వదినవాళ్లు నిగనిగలాడే నల్లరాయి వేయించారు. అందం మాత్రం దానిదే, కాదనను. నిజానికి గ్రానైట్ అని అమ్మే నల్లరాళ్లలో చాలావరకు డోలరైట్ లాంటి వేరే రకం రాళ్లు, రామప్ప గుడిలో కాకతీయుల నాటి మదనికలను, అంటే ఆ నాట్యకత్తెల బొమ్మలను చెక్కింది కూడా అలాంటి నల్లరాతిలోనే, ఆ నునుపు ఇప్పటికీ చూడొచ్చు. కానీ వంటింట్లో ఆ నలుపు మీద బోరు నీటి చుక్క ఆరిన చోటల్లా తెల్లటి మచ్చ. పూటపూటా తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టే ఓపిక ఉంటేనే తీసుకోండి. కరీంనగర్‌లో మా చెల్లెవాళ్లది తెల్ల గ్రానైట్, పొయ్యి పక్కన తొక్కు జాడీ పెట్టిన చోట గుండ్రటి నూనె మరక దిగిపోయింది. వంటసోడాలో నీళ్లు కలిపి దోసెపిండి కన్నా గట్టిగా చేసి మరక మీద మందంగా పూసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులకు టేపు వేసి ఒక రోజంతా వదిలేశాం. తర్వాత కవరు తీసేస్తే అది ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. మళ్లీ మళ్లీ చేస్తే బాగా తగ్గింది, జాడ మాత్రం కాస్త ఉంది. లేత రంగు రాయికి బిగించిన వెంటనే సీలర్, అంటే నీళ్లు, నూనె ఇంకకుండా ఆపే పూత, పట్టించాలి, ఏడాదికో రెండేళ్లకో నీళ్లు ఇంకుతున్నాయేమో చూసుకుని మళ్లీ పట్టించాలి. చిక్కటి నల్లరాయికి సాధారణంగా ఆ అవసరం ఉండదు, పూస్తే పైన మసకగా పేరుకుంటుంది.

కొనేటప్పుడు షాపులో లైట్ల కింద కాదు, స్లాబును, అంటే కోయని పెద్ద రాతి పలకను, ఎండలో చూడండి. తడిపి చూపిస్తే ఆరే దాకా ఆగండి, తడి మీద ఏ రాయైనా మెరుస్తుంది. నాలుగు చుక్కల నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి తుడిస్తే అక్కడ నల్లబడి కనిపిస్తే ఆ రాయి నీళ్లు పీలుస్తున్నట్టే. నల్లది కొంటే గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో తెల్లబట్ట ముంచి రుద్దండి, బట్టకు నలుపు అంటిందంటే బూడిదరంగు రాయికి రంగేశారన్నమాట. ఒక షాపులో నేను బట్ట తీయగానే "అక్కా, మా దగ్గర అవన్నీ అవసరం లేదు, నమ్మండి" అన్నాడు. నేను ఇంకో షాపుకు వెళ్లిపోయాను. స్లాబును తిప్పించి వెనకవైపు కూడా చూడండి, వల లాంటి జాలీ అంటించి ఉంటే ఆ రాయికి బలం తక్కువని అర్థం. మందం పద్దెనిమిది మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి, మీరే టేపుతో కొలవండి.

రేటు మాట్లాడేటప్పుడు స్క్వేర్ ఫీట్ ధర ఒక్కటే వినొద్దు. అంచు పాలిష్ రన్నింగ్ ఫీట్ (పొడవు) లెక్క వేరు, సింకు, పొయ్యి కటింగ్ వేరు, దింపుకూలి వేరు, మేస్త్రి కూలి వేరు. మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి, కిటికీ అడుగున పనికొస్తాయి.

ఇక సింకు. సింకుకు ముందూ వెనకా మిగిలే సన్నటి పట్టీ మొత్తం గట్టులో అన్నిటికన్నా బలహీనమైన చోటు. దాని అడుగున ఖాళీ లేకుండా ఆసరా పెట్టించండి. మాకు మొదట పనిచేసిన మేస్త్రి సింకు చుట్టూ వట్టి వైట్ సిమెంట్ పూసి, "ఏం కాదమ్మా, అందరికీ ఇట్లనే చేస్తం" అని వెళ్లిపోయాడు. రెండో వానాకాలానికి అది పొడిపొడిగా రాలి, నీళ్లు కిందికి దిగి, అడుగున ప్లైవుడ్ తలుపు ఉబ్బి మూతపడటం మానేసింది. తర్వాత వేరే అతన్ని పిలిచి అదంతా గీకించి, బాగా ఆరనిచ్చి రబ్బరులా సాగే సిలికాన్ పెట్టించాం, అప్పటి నుంచి టెన్షన్ లేదు. సిలికాన్ కొన్నేళ్లకు నల్లబడుతుంది, అప్పుడు పీకి కొత్తది పెట్టించాలి. రాయికీ రాయికీ మధ్య అతుకుకు మాత్రం రంగు కలిపిన ఎపాక్సీ జిగురే. అంచు కింది భాగంలో కటింగ్ మిషన్‌తో సన్నటి గాడి కొట్టించండి, ఒలికిన నీళ్లు అక్కడే ఆగి నేల మీద పడతాయి, తలుపుల మీదికి పాకవు.

రోజూ తుడవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేస్తే చాలు. కుళాయి చుట్టూ తెల్లటి పొర కడితే బాత్రూమ్ యాసిడ్ తెచ్చి పోయొద్దు, అది పాలిష్‌ను తినేస్తుంది, ఒకసారి పోయిన మెరుపు మిషన్ పెట్టిస్తే తప్ప తిరిగి రాదు. ఆ పొర గట్టిపడక ముందే పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా గీకితే లేచి వస్తుంది. పచ్చిపులుసు ఒలికినా కంగారు లేదు, మార్బుల్ అయితే వెంటనే మచ్చ పడేది, గ్రానైట్ మీద వెంటనే తుడిస్తే చాలు. కూరగాయలు నేరుగా రాయి మీద కోయకండి, రాయికి గీత పడదు, కత్తి మొద్దుబారుతుంది. వేడి కుక్కర్ దించితే మాకు ఎప్పుడూ ఏమీ కాలేదు, అయినా సింకు పక్క పట్టీ మీద మాత్రం దించను. కొబ్బరికాయ గట్టు అంచుకేసి కొట్టడం, అల్లం దంచడం అస్సలు వద్దు, మా అంచులో ఒక పెచ్చు లేచింది అలాంటి దెబ్బకే.

జొన్నరొట్టెకు మాత్రం దీన్ని మించింది లేదు. గట్టును తుడిచి, పొడిపిండి చల్లి నేరుగా రాయి మీదే కొడతాను, చల్లగా నున్నగా ఉంటుంది, రొట్టె అంటుకోకుండా చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు పైన పోర్షన్ కడుతున్నాం. అక్కడా టాన్ బ్రౌనే, రెండో మాట లేదు. ప్లానులో సింకు సరిగ్గా మూల మీద, అతుకు పడే చోట వచ్చింది, దాన్ని కిటికీ కిందికి మార్పించాను. పైపులైన్ పొడుగైందని ప్లంబర్ సణిగాడు, అయినా మార్పించాను.