తలుపు మూసుకుపోయిన ఆదివారం: వియన్నాలో స్థానికుల ఇళ్ళలో బస, మూడేళ్ళ తర్వాత

ప్రయాణికుల్ని డబ్బు తీసుకోకుండా తమ ఇంట్లో ఉంచుకునే స్థానికులు ఒక యాప్‌లో దొరుకుతారు. అలా ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒకావిడ ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, నేనింకా గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుండగానే ఆవిడ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టేశారు. "రేపు ఏడింటికే నేను స్కూల్‌కి వెళ్ళిపోతాను. నువ్వు నీకు మెలకువొచ్చినప్పుడు లే. కాఫీ పొడి పై అరలో ఉంది" అన్నారు. నా గురించి ఆవిడకి తెలిసిందల్లా ప్రొఫైల్లో నేను రాసుకున్న పది వాక్యాలు, అంతకుముందు నన్ను ఇంట్లో ఉంచుకున్న ఇద్దరు రాసిన మాటలు. మా ఖమ్మంలోనూ ఊరెళ్తూ పక్కింటి అత్తయ్యగారికి తాళం ఇచ్చి వెళ్తాం. కానీ దాని వెనక ఇరవై ఏళ్ళ పరిచయం ఉంటుంది. ఇక్కడ పది నిమిషాలే.

జర్మనీలో చదువుకుంటూ, సెలవులు దొరికినప్పుడల్లా ఒక్కదాన్నే బ్యాగు తగిలించుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళలో ఉన్నాను. అందులో వియన్నాలో ఈ ఇల్లొక్కటే నాలుగుసార్లు. యాప్‌లో ఖాతా తెరవడం, బస అడుగుతూ ఇంటివాళ్ళకి ఉత్తరం రాయడం అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నాకు చెప్పాలనిపించేది ఆ తాళంచెవి గురించే. అది చేతికొచ్చాక ఊళ్ళో నడిచే తీరే మారిపోతుంది. సాయంత్రం యు6 మెట్రో రైల్లో యోసెఫ్‌ష్టేటర్ ష్ట్రాసె స్టేషన్‌లో దిగి, బ్రున్నెన్‌మార్క్ట్ వీధి సంతలో టర్కీ వాళ్ళ దగ్గర కొత్తిమీర, పచ్చిమిర్చి కొనుక్కుని, ఓటాక్రింగ్ సందుల్లోంచి ఇంటికి వెళ్తాను. ఇంటికి అనే అనుకుంటాను, బసకి అనుకోను. షోన్‌బ్రున్ ప్యాలెస్ బాగానే ఉంది గానీ, కళ్ళు మూసుకుంటే ముందు గుర్తొచ్చేది ఈ నడకే.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ శనివారం లింట్స్‌లో వాళ్ళమ్మగారి దగ్గరికి వెళ్తూ ఇల్లంతా నాకప్పగించారు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి చెత్తసంచి పట్టుకుని కింద పెరట్లోని డబ్బా దగ్గరికి దిగాను. తిరిగొచ్చేసరికి గాలికి తలుపు మూసుకుని ఉంది. అక్కడి తలుపులకి బయటివైపు తిరిగే పిడి ఉండదు, కదలని గుండ్రటి బిళ్ళ ఒకటుంటుంది. ఒకసారి మూసుకుంటే తాళంచెవి లేకుండా తెరుచుకోదు. నా తాళంచెవి లోపలివైపు తాళానికే ఉంది. ఫోను ఛార్జింగ్‌లో ఉంది. కాళ్ళకి ఇంటి చెప్పులు. చేతిలో పైసా లేదు. పైగా వియన్నాలో ఆదివారం పెద్ద స్టేషన్లలోవి తప్ప దుకాణాలేవీ తెరవరు. మెట్లమీద కూర్చున్నాను. నామీద నమ్మకంతో ఇల్లు వదిలివెళ్ళిన మనిషికి ఏం చెప్పాలన్న టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి.

ఎదురింటి ముసలావిడ తలుపు తీసి చూశారు. ఎనభై దాటి ఉంటాయి. విషయం విని, లోపలికెళ్ళి డ్రాయర్‌లోంచి ఇంకో తాళంచెవి తెచ్చారు. అచ్చం మా అత్తయ్యగారిలాగే ఈవిడ దగ్గరా ఒకటుంది! కానీ అది తిరగలేదు. లోపల నా తాళంచెవి అడ్డం. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. తాళాలు తీసేవాళ్ళని పిలుద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆదివారం పిలిస్తే నీ నెల ఖర్చు ఊడ్చేస్తారు, కింది అంతస్తు అతనికి ఇలాంటివి తెలుసు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నాడు, లేచేదాకా మా ఇంట్లో కూర్చో అన్నారు.

అలా నాలుగు గంటలు కూర్చున్నాను. పల్చటి అట్లలాంటి పలాచింకెన్ పోసి, మధ్యలో ఆప్రికాట్ జామ్ రాసి పెట్టారు. జర్మనీలో నేను దానికి నేర్చుకున్న మాట ఆప్రికోజె. ఇక్కడది మరిల్లె అని నాచేత మూడుసార్లు పలికించారు. బంగాళాదుంపకీ వేరే మాటే, ఎర్డాప్‌ఫెల్. వరండా గోడకి ఇనప తొట్టితో ఒక పాత కుళాయి ఉంటే, అదేంటని అడిగాను. బస్సెనా అట. ఆవిడ పెళ్ళయి వచ్చినప్పుడు ఆ అంతస్తు మొత్తానికీ అదొక్కటే కుళాయి. బిందెలు నింపుకుంటూ ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లకి బస్సెనా పేరుతోనే ఒక మాట కూడా పుట్టిందట. మా వీధి కుళాయి గురించి నేను చెప్తే ఎంతసేపు విన్నారో. సీసా నీళ్ళు కొనొద్దని కూడా గట్టిగా చెప్పారు. 1873 నుంచి ఆ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళే గొట్టాల్లో వస్తున్నాయి. తాగితే తెలుస్తుంది, చల్లగా తియ్యగా ఉంటాయి.

ఒంటిగంటకి కిందింటాయన వచ్చారు. సెర్బియా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన మనిషి. తలుపు ఊరికే మూసుకుంది, తాళం పడలేదని చూసి, ఐదు నిమిషాల్లో తీశారు. డబ్బు ముట్టుకోలేదు. సాయంత్రం రెండిళ్ళకీ పులిహోర చేసి పట్టుకెళ్ళాను. రాత్రి మా ఇంటావిడ లింట్స్ నుంచి రాగానే దాచకుండా అంతా చెప్పాను. తర్వాతిసారి వెళ్ళేసరికి తలుపు పక్కన గోడకి మేకు కొట్టి ఉంది. తాళంచెవి అక్కడే తగిలించాలి.

ఆ ఊపులో అప్పట్లో స్నేహితులందరికీ "కళ్ళు మూసుకుని వెళ్ళండి" అని చెప్పాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. ఈ తొమ్మిది ఇళ్ళూ దొరకడానికి నేను యాభైకి పైగా ఉత్తరాలు రాశాను. ఇంకో ఊళ్ళో ఒకామె రాత్రి తొమ్మిదింటికి రావద్దని మెసేజ్ పెట్టారు. ఆ రాత్రి హాస్టల్‌కి సరిపడా డబ్బు ఉండబట్టి బయటపడ్డాను. ఇప్పటికీ అంత డబ్బు విడిగా ఉంచుకోకుండా బయల్దేరను. రోజంతా తిరిగొచ్చి ఒళ్ళు హూనమైనా కాసేపు కూర్చుని మాట్లాడాలి. ఉచితం అనే మాట నాకిప్పుడు నచ్చదు. ఇంటివాళ్ళు తమ సాయంత్రాలు నాకిస్తున్నారు, నేను వంట చేస్తున్నాను, గిన్నెలు తోముతున్నాను. మేకు కొట్టినావిడ ఇంటిని బట్టి తక్కిన ఇళ్ళని అంచనా వేయడం కూడా తప్పే. అలాంటి గుమ్మం, అలాంటి ఎదురిల్లు నాకు మళ్ళీ తగల్లేదు.

నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. నాకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి 180 రోజుల్లో 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా ఆస్ట్రియాలో ఉండొచ్చు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) ఎక్కడ ఉంటారో ఆధారం చూపాలి. ముఖపరిచయం లేని మనిషిని అందుకు కాగితాలు అడగడం కష్టం. ఆస్ట్రియాలో మూడు రోజులు దాటి ఎవరింట్లోనైనా ఉంటే అక్కడి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి, అందుకే నేను మూడు రాత్రులు దాటనివ్వను. ఆడవాళ్ళ ఇళ్ళకే, అదీ వాళ్ళ గురించి పాత అతిథులు రాసినవన్నీ చదివాకే వెళ్తాను. జర్మన్ కొంచెం వచ్చు. ఇవేవీ లేకపోతే నా అనుభవం ఇలాగే ఉండేదని చెప్పలేను. వారం సెలవు మాత్రమే ఉండి, ఊరంతా చూసేయాలనుకునేవాళ్ళకి హాస్టలే మంచిది.

డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తున్నాను. ఎదురింటావిడకి చింతపండు కావాలట, పులిహోర తనే చేసుకుంటారట.