చిప్స్ తగ్గినప్పుడు పెద్ద ముక్కలు: ఆల్-ఇన్ చార్ట్ ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

హనుమకొండలో మా స్నేహితులం శనివారం రాత్రుళ్లు టెక్సస్ హోల్డెమ్ ఆడుకుంటాం. పోకర్‌లో ఒక రకం ఇది: తలా రెండు ముక్కలు చేతికొస్తాయి, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు. డబ్బు పెట్టం. ప్లాస్టిక్ చిప్స్ అందరికీ సమానంగా పంచుకుని, చివరికి ఒక్కరు మిగిలేదాకా ఆట. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. డబ్బు లేకుండానే ఈ ఆటలో బోలెడంత మజా ఉందని నా గట్టి నమ్మకం.

ఇన్నేళ్లుగా నేను వాడుతున్నది ఆల్-ఇన్ చార్ట్. ప్రతి పంపకంలో ఇద్దరు ముందుగానే తప్పనిసరిగా పెట్టే పందేలు స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. స్టాక్, అంటే చేతిలో మిగిలిన చిప్స్, పది బిగ్ బ్లైండ్లకు అటూ ఇటూగా పడిపోయినప్పుడు, ఏ సీట్లో ఏ ముక్కలొస్తే మొత్తం పెట్టేయాలో (అదే ఆల్-ఇన్), వేటిని ఫోల్డ్ చేయాలో (వదిలేయాలో) గళ్లు గీసి చూపించే కాగితం. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తాను. ఆ నాలుగూ దేనికో ముందు చెప్తాను.

బ్లైండ్లు 200, 400 నడుస్తున్నప్పుడు చేతిలో 4,000 ఉంటే అది పది బిగ్ బ్లైండ్లు. రెండు బ్లైండ్లూ కలిపి 600. అంటే ఏమీ ఆడకుండా కూర్చుంటే ఆరు రౌండ్ల పైచిలుకు బతుకు. పోకర్ ఆటగాడు పాల్ మాగ్రియెల్ పేరు మీదుగా ఈ సంఖ్యను ‘ఎం’ అంటారు. మనం ఆల్-ఇన్ పెట్టినప్పుడు ఎవరూ కాల్ చేయకపోయినా (అంతే పెట్టి ఎదురు నిలవకపోయినా) ఆ 600 మన దగ్గరికొస్తే స్టాక్ 15 శాతం పెరుగుతుంది. ఈ లెక్క అలవాటైతే చాలు, సగం టెన్షన్ పోతుంది.

చార్ట్ అసలు విలువ చిన్న ముక్కల దగ్గర తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది పెద్ద ముక్కల దగ్గరే ఎక్కువ పనికొచ్చింది. ఆసుల జత 221 పంపకాలకు ఒకసారి పడుతుంది. ఇంట్లో చేత్తో కలిపి పంచుకునే ఆటలో గంటకు పాతిక పంపకాలు దాటడం కష్టం. అంత అరుదుగా వచ్చిన జతను ‘వృథా చేయకూడద’ని అందరికీ ఆశ పుడుతుంది. మా బృందంలో ఒక తమ్ముడు ఇప్పటికీ అడుగుతుంటాడు: “అన్నా, గింత మంచి ముక్కలు పడ్డప్పుడు అందర్ని ఎల్లగొడ్తే ఏం లాభమే?”

అడగాల్సిన ప్రశ్నే. ఆసుల జత ఏవో తెలియని ఒక్క చేతి మీద దాదాపు 85 శాతం సార్లు గెలుస్తుంది, నాలుగు చేతుల మీదైతే 56 శాతమే. ఆ నలుగురూ తమ స్టాక్ మొత్తం లోపల పెడితే 56 కూడా మనకు గొప్ప లాభమే. కానీ మనం ఊరికే కాల్ చేసి కూర్చుంటే వాళ్లు పెట్టేది తలా ఒక్క బ్లైండ్. ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కలు) చూశాక, పడకపోతే వదిలేసే వెసులుబాటు వాళ్లది. రెండు జతలు పడితే ఉండిపోయేదీ వాళ్లే. మన స్టాక్ మాత్రం చిన్నది కాబట్టి ఎటూ పోలేం. పైగా మిగతా చేతులన్నీ ఆల్-ఇన్ పెడుతూ ఆసులతో మాత్రమే మెల్లగా వెళ్తే, రెండో వారానికే బల్ల అంతా పసిగడుతుంది. చార్ట్ అన్నిటినీ ఒకే రూపంలో ఆడిస్తుంది. ఆల్-ఇన్ అన్న మాట వెనక ఆసులున్నాయో, ఏడుల జత ఉందో ఎదుటివాళ్లకు తెలియదు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

జాకీల జత సంగతి ఇంకా స్పష్టం. ఫ్లాప్‌లో కనీసం ఒక రాణో, రాజో, ఆసో పడే అవకాశం 57 శాతం. పన్నెండు బ్లైండ్ల స్టాక్‌లోంచి మూడు పెట్టి, ఆ పైముక్క చూసి తొమ్మిదితో తల పట్టుకోవడం కంటే ముందే మొత్తం పెట్టేయడం మేలు. ఆసు-రాజు మూడు ఫ్లాపుల్లో రెండింట్లో జత కట్టదు. ఆల్-ఇన్ అయితే దానికి ఐదు ముక్కలూ చూసే హక్కు దొరుకుతుంది. రాణుల జతతో తలపడినా, ఆసు, రాజు ఒకే గుర్తువా కాదా అన్నదాన్ని బట్టి 43 నుంచి 46 శాతం గెలుపు ఉంటుంది. ఇది తెలిశాక ఆసు-రాజు ఓడినప్పుడు మనసు పాడవదు.

ఇక తగ్గించిన ఒక్క నక్షత్రం గురించి. ఎదుటివాళ్లు కూడా లెక్క ప్రకారమే కాల్ చేస్తారన్న ఊహతో ఈ చార్ట్‌లు తయారవుతాయి. స్మాల్ బ్లైండ్ నుంచి ఎనిమిది బ్లైండ్లు పెట్టేస్తే, బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాళ్లు ఇంకో ఏడు పెట్టి తొమ్మిది గెలవాలి. కాల్ చేయాలంటే 44 శాతం గెలుపు ఉండాలి. మా దగ్గర ఆ లెక్క ఎవరు చూస్తారు? అందరూ మూడు ముక్కలాటతో పెరిగినవాళ్లు, షో చూడందే వదలరు. (ఆ ఆటలో సీక్వెన్స్ కలర్‌కన్నా పెద్దది, ఇక్కడ కలర్ లాంటి ఫ్లష్, సీక్వెన్స్ లాంటి స్ట్రెయిట్‌కన్నా పెద్దది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది మొదట్లోనే చెప్పేయడం మంచిది.) ఇలాంటి బల్ల మీద చార్ట్ చూపించే ఏడు-ఐదు లాంటి సన్న చేతులు నష్టం తెస్తాయి. భయపడి ఫోల్డ్ చేసేవాళ్లే లేనప్పుడు వాటికి బలమెక్కడిది? నేను ఆ గళ్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టేశాను. అదే బల్ల మీద పెద్ద ముక్కలు మాత్రం మరింత లాభం తెస్తాయి. పది బ్లైండ్లు పెట్టినా ఆసు-మూడుతో కాల్ చేసేవాళ్లుంటారు, వాళ్ల కోసం ఉచ్చు పన్నక్కర్లేదు.

ఇరవై బ్లైండ్లు దాటాక ఈ కాగితం పక్కన పెట్టేయాలి. అక్కడ రెండు, రెండున్నర బ్లైండ్లకు పందెం పెంచి (రేజ్) మొదలుపెట్టి, ఎవరైనా మీదికొస్తే అప్పుడు మొత్తం పెట్టడమే సరైన దారి. బహుమతులు రెండు మూడు స్థానాలకు పంచే పోటీల్లో కూడా దీన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. మూడో స్థానం కాపాడుకోవడానికి విలువ ఉన్నప్పుడు, కాల్ చేయడానికి ఇంకా గట్టి ముక్కలు కావాలి. మాది ఒక్కరే గెలిచే ఆట కనుక ఆ చిక్కు లేదు.

కొనేముందు, లేదా ప్రింట్ తీసుకునేముందు ఎంతమంది బల్లకు వేసిన చార్టో చూసుకోండి. తొమ్మిది మందిలో మొదట మాట్లాడే సీటుకు, ఆరుగురిలో మొదటి సీటుకు చాలా తేడా ఉంటుంది. యాంటీ (బ్లైండ్లు కాక ప్రతి పంపకానికీ ముందుగా పెట్టే చిన్న పందెం) ఉన్న ఆటకు వేసినదాన్ని యాంటీ లేని ఆటలో వాడితే అక్కర్లేని ముక్కలతో కూడా ఆల్-ఇన్ పెట్టిస్తుంది.